"ఎవరికీ చెప్పకు" అన్నప్పుడు: తోటివాళ్ల తోడుకు 230 ఏళ్ల చరిత్ర

ఈరోజు మనం మాట్లాడుకునేది రాజుల గురించి కాదు, యుద్ధాల గురించి కాదు. ఒక చిన్న మాట గురించి.

"నీకొక్కడికే చెప్తున్నా, ఎవరికీ చెప్పకు."

ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. కొంతమంది అనే ఉంటారు. హాస్టల్‌లో స్టడీ అవర్ అయిపోయాక పక్క మంచం మీంచి, కాలేజీ బస్సులో చివరి సీట్లో, లేదంటే రాత్రి పన్నెండింటికి వాట్సాప్‌లో. దాని తర్వాత వచ్చేది ఒక్కోసారి లవ్ మేటర్. ఒక్కోసారి సప్లీ. ఒక్కోసారి మాత్రం, "నాకు బతకాలని లేదురా."

అప్పుడు విన్నవాడి పరిస్థితి ఏంటి? వాడికీ పదహారేళ్లే. వాడికీ రేపు వీక్లీ టెస్ట్ ఉంది. అమ్మకి చెప్పాలా, వార్డెన్‌కి చెప్పాలా, మాట ఇచ్చాను కాబట్టి నోరు మూసుకోవాలా? ఒక పిల్లాడి ప్రాణం, ఇంకో పిల్లాడి నెత్తిమీద పడింది.

2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఒక్క ఏడాదిలో. రోజుకు ముప్ఫై ఐదు మందికి పైనే. వీళ్లలో ఎంతమంది ముందే ఒక ఫ్రెండ్‌కి చెప్పి ఉంటారో ఏ లెక్కలోనూ ఉండదు. కానీ టీనేజ్‌లో ఉన్నవాళ్లు బాధ చెప్పుకోవాలంటే ముందు వెతికేది పెద్దవాళ్లని కాదు, తోటివాళ్లని. ఇది మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి ఆ తోటివాడికి కాస్త ట్రైనింగ్ ఇచ్చి, వెనకాల ఒక పెద్దమనిషిని నిలబెడితే? దాన్నే ఇప్పుడు పీర్ మెంటరింగ్, పీర్ సపోర్ట్ అంటున్నారు. పేరు కొత్తది. ఆలోచన మాత్రం చాలా పాతది. దాని కథలో మన మద్రాసు ఉంది, మన వీధి బడి ఉంది, లండన్‌లో ఒక కప్పు టీ ఉంది. వరసగా చూద్దాం.

మద్రాసులో ఇసుక మీద అక్షరాలు

1789. మద్రాసులో ఎగ్మూరు. బ్రిటిష్ సైనికుల కొడుకుల్లో దిక్కులేనివాళ్ల కోసం అక్కడ ఒక అనాథాశ్రమం పెట్టారు. దాన్ని నడపడానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు వచ్చాడు. బడి ఉంది, పిల్లలున్నారు. పంతుళ్లు మాత్రం సరిగ్గా చెప్పడం లేదు.

ఒకరోజు ఆయన ఒక నాటు బడి పక్కనుంచి వెళ్తూ చూశాడు. పిల్లలు నేలమీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. పలక అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. ఇదేదో బాగుందని తన బడిలో పెట్టమంటే పంతుళ్లు ఒప్పుకోలేదు. దాంతో బెల్ ఆ పని ఒక పిల్లాడికి అప్పజెప్పాడు. పేరు జాన్ ఫ్రిస్కెన్. వయసు ఎనిమిదేళ్లు. పంతుళ్లు చేయలేమన్నది ఆ ఎనిమిదేళ్ల పిల్లాడు చేసి చూపించాడు. చిన్న పిల్లలకు అక్షరాలు వచ్చేశాయి.

బెల్ 1797లో లండన్‌లో దీని మీద పుస్తకం వేశాడు. "మద్రాస్ సిస్టమ్" అనే పేరుతో అది ఇంగ్లండ్ అంతా పాకింది.

కానీ మన వైపు ఇది కొత్తేమీ కాదు. అరుగు మీద నడిచే వీధి బడిలో కాస్త చదువొచ్చిన పిల్లాడు రాని పిల్లాడికి చెప్పడం మామూలే. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ తన జిల్లాలో ఉన్న 533 బడుల గురించి ప్రభుత్వానికి రిపోర్టు రాశాడు. వాటిలో తెలుగు బడులూ చాలా ఉన్నాయి. ముందున్న పిల్లలతో వెనకున్న పిల్లలకు చెప్పించే ఈ పద్ధతిని ఇంగ్లండ్‌ వాళ్లు అనుకరించడం సబబేనని ఆయన అందులో ఒప్పుకున్నాడు.

ఇది చదువు కథ కదా, మనసు కథ ఎలా అయింది అని మీకు డౌట్ రావచ్చు. ఇక్కడే ఆగి ఒకటి గమనించండి. ఎనిమిదేళ్ల ఫ్రిస్కెన్ ఎందుకు గెలిచాడు? వాడు పంతులు కంటే తెలివైనవాడు కాబట్టి కాదు. "అ" రాకపోవడం ఎలా ఉంటుందో వాడికి నిన్నమొన్నటి విషయం. పంతులు అది ఎప్పుడో మర్చిపోయాడు. తోటివాడి బలం అంతా ఇందులోనే ఉంది: మన కష్టం వాడికి ఇంకా గుర్తుంది.

రెండో సంగతి కూడా చూడాలి, అది అంత అందంగా ఉండదు. అదే కాలంలో లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన ఇలాంటి బడే పెట్టాడు. ఆయనకు ఇందులో కనిపించింది ముఖ్యంగా పొదుపు. ఒక్క మాస్టారు, కింద మానిటర్లు, వాళ్ల కింద వందల మంది పిల్లలు. జీతాలు మిగిలాయి. కానీ మానిటర్ చేతికి స్నేహం ఇవ్వలేదు, అధికారం ఇచ్చారు. తప్పు చేసిన పిల్లల్ని బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీసిన శిక్షలు కూడా ఆ బడుల చరిత్రలో ఉన్నాయి.

క్లాస్ లీడర్ బోర్డు మీద "అల్లరి చేసినవాళ్లు" అని పేర్లు రాస్తాడు చూడండి, ఆ లీడర్‌కి మీరు మీ బాధ చెప్పుకుంటారా? చెప్పుకోరు. మన దగ్గర సీనియర్‌ని "అన్నా", "అక్కా" అని పిలుస్తాం. ఆ అన్నే కొన్ని చోట్ల ర్యాగింగ్ చేసేవాడూ అవుతాడు. అందుకే కదా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తేవాల్సి వచ్చింది. కాబట్టి తోటివాడైతే చాలు, అంతా మంచే జరుగుతుంది అనుకోకూడదు. వాడి చేతిలో ఏం పెట్టాం అన్నదే అసలు ప్రశ్న.

రోగే కాపలాదారు అయిన రోజు

ఇప్పుడు మద్రాసు నుంచి ప్యారిస్ వెళ్దాం. కాలం దాదాపు అదే. అక్కడ బిసెత్ర్ అని ఒక పెద్ద ఆసుపత్రి. దాన్ని ఆసుపత్రి అనడం కంటే బందెలదొడ్డి అనొచ్చు. మానసిక రోగుల్ని గొలుసులతో కట్టేసేవారు.

అక్కడికి 1770ల మొదట్లో జాన్ బాప్టిస్ట్ ప్యుసాఁ అనే అతను గండమాల జబ్బుతో వచ్చాడు. తోళ్లు బాగుచేసే పని చేసుకునేవాడు. నయం కాదన్నారు. అక్కడే ఉండిపోయాడు. కోలుకున్నాక అక్కడే పనిలో చేరి, చివరికి మానసిక రోగుల వార్డుకే పెద్ద అయ్యాడు. అతని జబ్బు మనసుది కాదు, నిజమే. కానీ ఆ గోడల మధ్య రోగిగా పడి ఉండటం అంటే ఏంటో అతనికి తెలుసు.

అతను చేసిన పని సింపుల్. పనివాళ్లు రోగుల్ని కొట్టకూడదన్నాడు. కొత్తగా పనివాళ్లు కావాల్సి వస్తే, కోలుకుంటున్న రోగుల్నే తీసుకున్నాడు. వీళ్లు మెత్తగా ఉంటారు, చెయ్యెత్తరు, ఎందుకంటే దెబ్బ ఎలా ఉంటుందో వీళ్లకు తెలుసు. 1793లో డాక్టర్‌గా వచ్చిన ఫిలిప్ పినెల్ ఇదంతా గమనించి ప్యుసాఁ దగ్గర చాలా నేర్చుకున్నాడు. 1797లో ఆ వార్డులో గొలుసులు తీయించింది ప్యుసాఁయే. తర్వాత బొమ్మల్లో, కథల్లో పేరంతా పినెల్‌కి వెళ్లింది, అది వేరే విషయం.

ఇప్పుడు ప్రపంచంలో "పీర్ సపోర్ట్" చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. మద్రాసు పిల్లాడు అక్షరంలో చేసింది, ప్యారిస్‌లో కోలుకున్న రోగి మనసు విషయంలో చేశాడు. ఒక తేడా గమనించండి. ఇక్కడ తోటివాడి వెనకాల ప్యుసాఁ ఉన్నాడు, ప్యుసాఁ వెనకాల డాక్టర్ ఉన్నాడు. తోటివాడిని ఒంటరిగా వదలలేదు.

ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి

ఇక 20వ శతాబ్దానికి వద్దాం. 1935, ఇంగ్లండ్‌లో లింకన్ అనే ఊరు. చాడ్ వారా అనే కుర్ర మతగురువు కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఆయన జరిపించిన మొదటి అంత్యక్రియ ఒక పద్నాలుగేళ్ల అమ్మాయిది. ఆత్మహత్య.

కారణం వింటే గుండె బరువెక్కుతుంది. ఆ అమ్మాయికి పీరియడ్స్ మొదలయ్యాయి. పెద్దమనిషి అవ్వడం అంటే ఏంటో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తనకేదో చెడ్డ రోగం వచ్చిందనుకుంది. అడగడానికి ఎవరూ లేరు. అంతే.

ఒక్కసారి ఆలోచించండి. ఆ అమ్మాయికి కావాల్సింది ఏంటి? పెద్ద డాక్టరా? మందులా? కాదు. ఒక రెండేళ్లు పెద్దదైన అక్క పక్కన కూర్చుని, "ఓసి పిచ్చిదానా, అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది" అని ఉంటే సరిపోయేది. నిజంగా ఒక వాక్యం.

వారా దాన్ని మర్చిపోలేదు. 1950ల మొదట్లో ఆయన ఒక పత్రికలో సెక్స్ ఎడ్యుకేషన్ గురించి వ్యాసం రాస్తే, ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో చాలామంది బతుకు మీద ఆశ వదులుకున్నవాళ్లు. అగ్గి అంటుకుంటే ఫోన్ చేయడానికి నంబర్ ఉంది, బతకాలని లేనివాడు ఫోన్ చేయడానికి నంబర్ లేదే అనుకున్నాడు. 1953 నవంబర్ 2న లండన్‌లో తన చర్చిలోనే ఒక ఫోన్ పెట్టాడు. నంబర్ మ్యాన్షన్ హౌస్ 9000. ఆ సంస్థే సమారిటన్స్. ఇంకో మాట, అప్పటికి ఇంగ్లండ్‌లో ఆత్మహత్యాయత్నం నేరం. 1961 వరకూ అలాగే ఉంది. అంటే చావాలనిపిస్తోందని నోరు తెరిచి చెప్పడమే భయం.

ఇప్పుడు అసలు మలుపు. వారా దగ్గరికి జనం రావడం మొదలైంది. ఆయన ఒక్కడే. బయట క్యూ. వాళ్లకు టీ, కాఫీ ఇచ్చి కాసేపు కూర్చోబెట్టడానికి మామూలు మనుషులు కొందరు వాలంటీర్లుగా వచ్చారు. వాళ్లు డాక్టర్లు కాదు, కౌన్సెలర్లు కాదు. కొన్నాళ్లకు వారా ఒకటి గమనించాడు. టీ తాగుతూ వాలంటీర్‌తో మాట్లాడినవాళ్లలో చాలామంది ఆయన్ని కలవకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు. సలహా కోసం వచ్చామనుకున్నారు. వాళ్లకు నిజంగా కావాల్సింది వినే మనిషి.

చాలామంది అయితే ఇక్కడ ఈగో దెబ్బతిని వాలంటీర్లను పంపేస్తారు. వారా ఉల్టా చేశాడు. 1954 ఫిబ్రవరిలో ఫోన్ వాలంటీర్ల చేతికే ఇచ్చేశాడు. తను వెనక్కి జరిగి, వాళ్లను ఎంచుకోవడం, నేర్పించడం, వాళ్లకు మించిన కేసు వస్తే చూసుకోవడం, ఆ పని చేశాడు.

ఆ పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ "స్నేహ" అనే సంస్థ పెట్టారు. ఆమె సైకియాట్రిస్ట్. ఫోన్ ఎత్తేది మాత్రం వాలంటీర్లు. రిజల్ట్స్ వచ్చిన రోజుల్లో పిల్లల కాల్స్ ఎలా ఉంటాయో అక్కడ తెలిసింది. ఫెయిలైతే ఏడాది పోతుందన్నదే వాళ్ల భయం. అందుకని ఏడాది ఆగకుండా కొద్ది వారాల్లోనే మళ్లీ పరీక్ష రాయనివ్వాలని స్నేహ ప్రభుత్వాన్ని అడిగింది, తమిళనాడులో అది అమల్లోకి వచ్చింది. మన ఇంటర్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది చూడండి, అలాంటిదే. సప్లీ అని మనం జోక్ చేస్తాం. అది ఒక ఏడాదినే కాదు, కొన్ని ప్రాణాల్ని కూడా కాపాడుతుంది. ఓపిగ్గా వినేవాళ్లుంటేనే ఇలాంటివి బయటపడతాయి.

టీనేజర్ ఫోన్ ఎత్తితే

ఇంతవరకూ విన్నవాళ్లంతా పెద్దవాళ్లే. టీనేజర్ బాధ టీనేజరే వింటే ఎలా ఉంటుంది?

1970లో అమెరికాలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో ఊళ్లో ఈ ప్రయోగం మొదలైంది. బార్బరా వారెన్‌హార్స్ట్ అనే కౌన్సెలర్, బియాట్రిక్స్ హాంబర్గ్ అనే సైకియాట్రిస్ట్ కలిసి స్కూలు పిల్లలకు పీర్ కౌన్సెలింగ్ నేర్పించడం మొదలుపెట్టారు. హాంబర్గ్ గురించి ఒక్క మాట: యేల్ మెడికల్ స్కూల్‌లో డిగ్రీ తీసుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమె. ఒక గదిలో ఒంటరిగా ఉండటం అంటే ఏంటో ఆమెకు వేరే చెప్పాలా?

వాళ్లు పిల్లలకు నేర్పింది పెద్ద సైకాలజీ కాదు. కొత్తగా వచ్చిన క్లాస్‌మేట్‌తో మాట ఎలా కలపాలి, మధ్యలో అడ్డు రాకుండా ఎలా వినాలి, ఏది రహస్యంగా ఉంచాలి, ఏది ఉంచకూడదు. ట్రైనింగ్ అయ్యాక కూడా పెద్దవాళ్లతో మీటింగులు ఆగలేదు. ఎందుకంటే విన్న పిల్లాడికి కూడా ఆ బరువు దించుకునే చోటు ఉండాలి.

1980లో లాస్ ఏంజెలెస్‌లో టీన్ లైన్ వచ్చింది. సైకోథెరపిస్ట్ ఎలైన్ లీడర్ దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ ఎత్తేది హైస్కూల్ పిల్లలు. అవతల కూడా పిల్లలే. కానీ ఫోన్ ముందు కూర్చోవడానికి ముందు 60 గంటలకు పైగా ట్రైనింగ్. అన్నిటికంటే ముఖ్యమైనది, పక్కనే ఒక ప్రొఫెషనల్ ఎప్పుడూ ఉంటారు. కాల్ ప్రమాదంగా అనిపించగానే వాళ్లు అందుకుంటారు.

లాంకాస్టర్ బడికీ దీనికీ తేడా ఇదే. అక్కడ పిల్లాడిని పెట్టింది పెద్దవాడి జీతం మిగల్చడానికి. ఇక్కడ పిల్లాడిని పెట్టింది పెద్దవాడు చేరలేని చోటికి చేరడానికి, పెద్దవాడు మాత్రం గదిలోనే ఉన్నాడు.

మౌనాన్ని పగలగొట్టిన లెక్క

ఇదంతా వినడానికి బాగానే ఉంది, నిజంగా పనిచేస్తుందా అని అడగాలి. అడగడమే కరెక్ట్.

1998లో అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో మార్క్ లోమర్రే అనే ఆయన "సోర్సెస్ ఆఫ్ స్ట్రెంత్" అని ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. అంతకుముందు పోలీసులతో కలిసి పనిచేస్తూ టీనేజర్ల అంత్యక్రియలకు వెళ్లీ వెళ్లీ విసిగిపోయినవాడు. ఆయనకు కనిపించింది ఇదీ: పిల్లలకు విషయం ముందే తెలుసు, కానీ పెద్దవాళ్లకు చెప్పరు. "ఎవరికీ చెప్పకు" అన్న మాటే అక్కడా గోడ.

కాబట్టి ఆయన పిల్లలను కౌన్సెలర్లుగా మార్చాలని చూడలేదు. స్కూల్లో రకరకాల గ్యాంగుల నుంచి పిల్లల్ని ఎంచుకున్నాడు. టాపర్లను మాత్రమే కాదు. ఆటలాడేవాళ్లు, మ్యూజిక్ బ్యాచ్, బ్యాక్ బెంచీ, అందరూ. వాళ్లు చేయాల్సిన పని రెండు ముక్కలు: కష్టంలో ఏం నిలబెడుతుందో తోటివాళ్లతో మాట్లాడటం, ప్రమాదం అనిపిస్తే నమ్మకమైన పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం.

దీని మీద 18 హైస్కూళ్లలో పరిశోధన చేసి 2010లో ప్రచురించారు. పెద్ద స్కూళ్లలో ట్రైనింగ్ అయిన పిల్లలు, ట్రైనింగ్ లేనివాళ్లతో పోలిస్తే, ఆత్మహత్య ఆలోచనలున్న ఫ్రెండ్‌ని పెద్దవాళ్ల దగ్గరికి చేర్చే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువ. మొత్తం స్కూల్లో కూడా, సాయం అడగడం తప్పేం కాదు అనే నమ్మకం పెరిగింది.

జింబాబ్వేలో ఇంకో ఉదాహరణ ఉంది. 2004లో హరారేలో "జ్వాందిరి" మొదలైంది. వాళ్ల షోనా భాషలో దానికి "నేనెలా ఉన్నానో అలాగే" అని అర్థం. హెచ్‌ఐవీతో బతుకుతున్న 18 నుంచి 24 ఏళ్ల యువతీయువకులు, అదే హెచ్‌ఐవీతో బతుకుతున్న చిన్న టీనేజర్ల ఇళ్లకు వెళ్తారు, మాట్లాడతారు, మందులు వేసుకునేలా చూస్తారు. 2019లో వచ్చిన పరిశోధనలో, ఈ తోడు ఉన్న పిల్లల రక్తంలో వైరస్ అదుపులో ఉండటం ఎక్కువగా కనిపించింది. స్నేహం రక్త పరీక్షలో కనిపించిందన్నమాట. ఇక్కడ కూడా ఆ యువకుల వెనకాల నర్సులు, క్లినిక్‌లు ఉన్నాయి.

మన దగ్గర ఎక్కడున్నాం

2014 జనవరి 7న కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో మానసిక ఆరోగ్యం ఒక భాగం. ఊళ్లలో 15 నుంచి 19 ఏళ్ల అబ్బాయిలు, అమ్మాయిలను పీర్ ఎడ్యుకేటర్లుగా తీసుకుంటారు. వాళ్లకు "సాథియా" అని పేరు. మీ ఊళ్లో సాథియా ఎవరో మీకు తెలుసా? ఆశా కార్యకర్తను అడిగి చూడండి. తెలియకపోతే ఆ ప్రశ్న అడగాల్సింది మనమే.

ఇంకోటి. బీహార్‌లో నలందా జిల్లాలో 74 ప్రభుత్వ హైస్కూళ్లలో ఒక ప్రయోగం జరిగింది, 2018లో ఫలితాలు వచ్చాయి. ఒకే కార్యక్రమం. కొన్ని బడుల్లో దాన్ని అక్కడి టీచరే నడిపారు. కొన్నిటిలో "మిత్ర" అని బయటి నుంచి వచ్చిన, డాక్టర్ కాని, ట్రైనింగ్ ఇచ్చిన మామూలు మనిషి నడిపారు. మిత్ర ఉన్న బడుల్లో పిల్లల్లో డిప్రెషన్ తగ్గింది, ఏడిపించడం, వేధించడం తగ్గాయి. టీచర్ నడిపిన చోట ఆ తేడా రాలేదు. టీచర్లు చెడ్డవాళ్లని కాదు. నాకనిపించేది ఏంటంటే, మార్కులు వేసే చేతికి మనసు అప్పజెప్పడం కష్టం.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆ కేసు వెళ్లింది మన విశాఖపట్నం నుంచే. నీట్ కోచింగ్‌కి వచ్చి హాస్టల్‌లో ప్రాణం పోగొట్టుకున్న పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసు. 100 మంది, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి, పరీక్షల టైమ్‌లో చిన్న చిన్న బ్యాచ్‌లకు మెంటర్ లేదా కౌన్సెలర్‌ని కేటాయించాలి, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దు అని కోర్టు చెప్పింది. మీ కాలేజీలో ఇవి ఉన్నాయా? లేకపోతే అడిగే హక్కు మీకుంది, మీ అమ్మానాన్నలకుంది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. "కౌన్సెలర్‌కి జీతం దండగ, పిల్లలే పిల్లల్ని చూసుకుంటారు" అని ఏ కాలేజీ అయినా అంటే, అది పీర్ మెంటరింగ్ కాదు. అది లాంకాస్టర్ బుట్ట.

మరి ఆ మాట విన్నప్పుడు

ఇన్నేళ్ల చరిత్ర మనకు చెప్పేది ఒక్కటే. తోటివాడు వంతెన. ఆసుపత్రి కాదు. వంతెనకు రెండు ఒడ్లూ ఉండాలి: ఇటు ఫ్రెండ్, అటు నమ్మకమైన పెద్దమనిషి. ఒక ఒడ్డు లేకపోతే వంతెన కూలిపోతుంది, దానిమీద ఉన్న ఇద్దరూ పడిపోతారు.

అందుకని రేపు ఎవరైనా మీతో "ఎవరికీ చెప్పకు" అంటే, ముందే మాట ఇచ్చేయకండి. "నీకు ప్రమాదం లేని విషయమైతే నా నోటి నుంచి బయటికి రాదు. ప్రమాదం ఉంటే మాత్రం మనిద్దరం కలిసి ఒక పెద్దవాళ్లకి చెబుదాం" అనండి. "చెప్పేస్తా" కాదు, "కలిసి చెబుదాం".

తర్వాత వినండి. "దానికే ఇంత ఫీలవ్వాలా", "నాకు చూడు ఎన్ని కష్టాలో" అనొద్దు. మోటివేషన్ రీల్ పంపొద్దు. అనుమానంగా ఉంటే సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతాం. అలా పుట్టదు. ఒక మనిషి అడిగాడే అని చాలామందికి ఊపిరి వస్తుంది.

అవునంటే, ఒంటరిగా వదలొద్దు. అమ్మ, నాన్న, అక్క, ఒక టీచర్, వార్డెన్, ఎవరు నమ్మకంగా అనిపిస్తే వాళ్ల దగ్గరికి వెంట వెళ్లండి. మొదటివాళ్లు కొట్టిపారేస్తే రెండోవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో అయితే టెలీ మానస్ ఉంది, నంబర్ 14416. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫ్రెండ్ కోసం మీరు కూడా కాల్ చేయొచ్చు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే 112, లేదా 108. పోలీస్ కేసు అవుతుందేమో అని ఆగకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి స్థితిలో ఉన్న మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష కాదు, చికిత్స అందించాలి.

ఇంకో మాట, ఇది వినేవాళ్ల కోసం. ఫ్రెండ్ బాధ విన్నాక మీకు నిద్ర పట్టకపోతే, మీరూ ఎవరితో అయినా మాట్లాడండి. పాలో ఆల్టోలో మీటింగులు పెట్టింది అందుకే. ఒకవేళ మీరు అంతా చేసినా జరగరానిది జరిగితే, అది మీ తప్పు కాదు. పదహారేళ్ల పిల్లాడు వంతెన కాగలడు, దేవుడు కాలేడు.

లింకన్‌లో ఆ అమ్మాయికి ఒక్క వాక్యం దొరకలేదు. మీ క్లాస్‌లో, మీ హాస్టల్‌లో, మీ గ్రూప్‌లో ఆ వాక్యం అనగలిగేవాళ్లు మీరే. ఈ ఎపిసోడ్ ఎవరికి పనికొస్తుందో మీకు ఈపాటికి ఒక పేరు తట్టే ఉంటుంది. లింక్ పంపించడం కంటే ముందు వాళ్లకు ఒక కాల్ చేయండి. "తిన్నావా?" అని మొదలుపెట్టినా చాలు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి, ఒకరికొకరు తోడుగా ఉండండి. ఉంటాను.